కాలేజీ ల్యాబులో లినక్స్ మింట్: క్లిక్ చాలా, టెర్మినల్ కావాలా?

విభాగం: ఇన్‌స్టలేషన్, ప్యాకేజీలు
ఈ విభాగంలో కమాండ్లనూ ఎర్రర్లనూ పలికినట్టే తెలుగులో రాస్తాం. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే వాడండి.

#1 ల్యాబ్‌తాళం

డిగ్రీ కాలేజీ ల్యాబు. 30 సిస్టములు, అన్నీ నాలుగో తరం ఐ3, 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్ఎస్‌డీ. విండోస్ 10 మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఈ ప్రాసెసర్లు విండోస్ 11 జాబితాలో లేవు. లినక్స్ మింట్ 22.2 సినమన్ ఎక్కించాలని నిర్ణయమైంది.

కావలసినవి: జీసీసీ, పైథాన్, జావా, ఒక కోడ్ ఎడిటర్, లిబ్రెఆఫీస్, గింప్, ఫైర్‌ఫాక్స్, తెలుగు టైపింగ్.

స్టాఫ్‌లో రెండు వాదాలు. సాఫ్ట్‌వేర్ మేనేజర్ ఉంది కదా, కావలసింది ఎవరికి వాళ్లు క్లిక్ చేసి తెచ్చుకుంటారని ఒకరు. టెర్మినల్ లేకుండా ఒక్క ప్రోగ్రామ్ కూడా ఎక్కకూడదని ఇంకొకరు. ఏది ఆప్ట్‌తో (సిస్టమ్ సొంత ప్యాకేజీ సాధనం), ఏది ఫ్లాట్‌ప్యాక్‌తో (ప్రోగ్రామ్‌ను దాని లైబ్రరీలతో కలిపి విడిగా ఎక్కించే పద్ధతి), ఏది ఎవరి చేతిలో ఉండాలో కారణాలతో చెప్పగలరా? ఇంటర్నెట్ 50 ఎంబీపీఎస్, మొత్తం ల్యాబుకు కలిపి.

#2 నల్లతెర

అన్నీ ఆప్ట్‌తోనే, టెర్మినల్‌లోనే. ఇది పంతం కాదండీ, లెక్క ఉంది.

"ఆప్ట్ -ఎస్ ఇన్‌స్టాల్ కోడ్‌బ్లాక్స్" (చిన్న ఎస్) అంటే ఏదీ ఎక్కించకుండానే ఏం వస్తాయో, ఏం పోతాయో చూపిస్తుంది. "ఆప్ట్ పాలసీ గింప్" అంటే ఏ రిపాజిటరీ (ప్యాకేజీలుండే సర్వర్ నిల్వ) నుంచి ఏ వర్షన్ వస్తోందో చెబుతుంది. "డీపీకేజీ -ఎస్" (ఇక్కడ పెద్ద ఎస్) పక్కన ఫైలు పాత్ ఇస్తే అది ఏ ప్యాకేజీదో తెలుస్తుంది. ఏ రోజు ఏ వేళకు ఏం ఎక్కిందో /వార్/లాగ్/ఆప్ట్/హిస్టరీ.లాగ్ లో ఉంటుంది. క్లిక్ కొట్టిన కుర్రాణ్ణి నిన్న ఏం చేశావురా అంటే "ఏం చేయలేదు సార్" అంటాడు. లాగ్ అలా అనదు.

#3 చిటికె

నల్లతెర గారూ, సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో సిస్టమ్ ప్యాకేజీ మీద క్లిక్ కొట్టినా కింద పని చేసేది ఆప్ట్ లైబ్రరీయే. అది చేసిన పని కూడా అదే హిస్టరీ.లాగ్‌లో పడుతుంది. ఏవైనా ప్యాకేజీలు పోయేలా ఉంటే ముందు జాబితా పెట్టి అడుగుతుంది కూడా.

కాబట్టి క్లిక్‌కూ టెర్మినల్‌కూ మధ్య గొడవే లేదు. ప్యాకేజీ ఎక్కడి నుంచి వస్తోందన్నదే అసలు తేడా. గింప్ పేజీ తెరిస్తే పైన ఒక డ్రాప్‌డౌన్ ఉంటుంది: సిస్టమ్ ప్యాకేజీ, ఫ్లాట్‌హబ్ (ఫ్లాట్‌ప్యాక్‌ల స్టోర్). విద్యార్థి దాన్ని చూడకుండా ఇన్‌స్టాల్ నొక్కుతాడు. చూసుకోవాల్సింది అక్కడ.

టెర్మినల్ అంటే భద్రం అనుకునేవాళ్లకు ఒక పాత సంగతి. 2021 నవంబరులో లైనస్ టెక్ టిప్స్ వాళ్ల వీడియోలో పాప్ ఓఎస్ మీద స్టీమ్ ఎక్కించబోయారు. యాప్ స్టోర్‌లో క్లిక్ చేస్తే ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. అదే పని టెర్మినల్‌లో చేస్తే ఆప్ట్ పెద్ద హెచ్చరిక పెట్టి, "యెస్, డూ యాజ్ ఐ సే" అని టైప్ చేయమంది. చేశారు. డెస్క్‌టాప్ మొత్తం ఊడిపోయింది. క్లిక్ కాపాడిన సిస్టమ్‌ను టెర్మినల్ కూల్చింది. ఆ తర్వాతే ఆప్ట్‌లో ఆ వాక్యంతో దాటిపోయే దారి మూసేశారు. ఇప్పుడు ముఖ్యమైన ప్యాకేజీ తీయాలంటే --అలౌ-రిమూవ్-ఎసెన్షియల్ అని విడిగా రాయాలి.

#4 నల్లతెర

› క్లిక్ కాపాడిన సిస్టమ్‌ను టెర్మినల్ కూల్చింది

కూల్చింది టెర్మినల్ కాదు, చదవకపోవడం. పోయే ప్యాకేజీల జాబితా అంతా తెర మీదే ఉంది. స్టోర్ ఎందుకు ఆగిందో చెప్పలేదు, అందుకే మనిషి టెర్మినల్‌కు పోయాడు. కారణం చెప్పని ఎర్రర్ కూడా ఒక ప్రమాదమే.

#5 పొట్లం

ఇద్దరి మాటా సగం సగం నిజం. ల్యాబుకు ఉపయోగపడే ప్రశ్న వేరే ఉంది: ఈ ప్రోగ్రామ్‌కు రేపు సెక్యూరిటీ అప్‌డేట్ ఎవరిస్తారు, అది ఏ దారిలో వస్తుంది? ఒక్కో ప్రోగ్రామ్‌కు ఒక్కటే దారి ఉండాలి. ఒకే గింప్ ఆప్ట్‌లోనూ ఫ్లాట్‌ప్యాక్‌లోనూ ఉంటే మెనూలో రెండు కనిపిస్తాయి, సెట్టింగులు రెండు చోట్ల ఉంటాయి (ఫ్లాట్‌ప్యాక్‌వి హోమ్‌లో .వార్/యాప్ కింద), ప్లగిన్ ఒకదాంట్లో పెడితే రెండోదాంట్లో కనబడదు.

మీ జాబితాకు ఇలా పంచుతాను.

కంపైలర్లు, ఎడిటర్, పైథాన్, జావా: ఆప్ట్ మాత్రమే. బిల్డ్-ఎసెన్షియల్, జీడీబీ, డిఫాల్ట్-జేడీకే (మింట్ 22లో ఇది ఓపెన్‌జేడీకే 21 తెస్తుంది), పైథాన్3-వెన్వ్. ఎడిటర్‌ను ఫ్లాట్‌ప్యాక్‌గా పెడితే ఏమవుతుందో చాలామందికి కారణం తెలియదు. ఫ్లాట్‌ప్యాక్ లోపలి ప్రోగ్రామ్‌కు మన /యూఎస్ఆర్ కనిపించదు, దాని రన్‌టైమ్‌దే కనిపిస్తుంది. వీఎస్ కోడ్ ఫ్లాట్‌ప్యాక్‌లో టెర్మినల్ తెరిచి జీసీసీ అంటే సిస్టమ్‌లో ఉన్న జీసీసీ దొరకదు. ఎస్‌డీకే ఎక్స్‌టెన్షన్ ఎక్కించాలి, లేదా ప్రతి కమాండ్ ముందు ఫ్లాట్‌ప్యాక్-స్పాన్ --హోస్ట్ పెట్టాలి. మొదటి సంవత్సరం పిల్లలకు ఇది నేర్పేలోగా సెమిస్టర్ అయిపోతుంది. జీనీ, థానీ, కోడ్‌బ్లాక్స్ మూడూ ఆప్ట్‌లో ఉన్నాయి, 8 జీబీలో హాయిగా నడుస్తాయి.

ఫైర్‌ఫాక్స్: ఉబుంటులో 22.04 నుంచి డెబ్ (ఆప్ట్ ఎక్కించే ప్యాకేజీ ఫైలు) అన్నది పేరుకే, అది స్నాప్‌ను (ఉబుంటు వాళ్ల సొంత ప్యాకేజీ పద్ధతి) తెస్తుంది. మింట్ తన రిపాజిటరీలో అసలైన డెబ్ ఇస్తుంది. అలాగే ఉంచండి.

గింప్: రిపాజిటరీలో ఉన్నది 2.10. గింప్ 3.0 వచ్చింది 2025 మార్చిలో. సిలబస్‌కు 2.10 చాలితే ఆప్ట్. 3.0 కావాలంటే ఫ్లాట్‌ప్యాక్. దానికోసం ఊరూపేరూ తెలియని పీపీఏ (బయటివాళ్లు నడిపే రిపాజిటరీ) మాత్రం కలపకండి. గింప్‌కు కొత్త లైబ్రరీలు కావాలి, పీపీఏ వాటిని సిస్టమ్ మొత్తానికీ మార్చేస్తుంది. తిరిగి పాతవాటికి రావాలంటే పీపీఏ-పర్జ్ వాడాలి, అది కూడా ప్రతిసారీ శుభ్రంగా చేయదు.

#6 ఓరుగల్లు_షెల్

పొట్లం అన్న మంచిగ చెప్పిండు. నేను నెట్ సంగతి చెప్త, ఎందుకంటే ల్యాబుల ఫస్టు అక్కడ్నే ఇరుక్కుంటరు.

ఒక్క సిస్టమ్‌కు 400 ఎంబీ అప్‌డేట్ అనుకో తమ్మీ. 30కి 12 జీబీ. 50 ఎంబీపీఎస్ లైన్ మొత్తం ఇచ్చినా అరగంట దాటుతది, ఆ అరగంట ఇంకెవ్వనికి నెట్ రాదు. అందుకే ఒక సిస్టమ్ మీద ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ (దిగిన ప్యాకేజీలను దాచి మిగతావాటికి ఇచ్చే సర్వర్) పెట్టు. పోర్టు 3142. మిగతా 29ల /ఈటీసీ/ఆప్ట్/ఆప్ట్.కాన్ఫ్.డి/ ఫోల్డర్ల 01ప్రాక్సీ అని ఫైల్ చేసి ఒక్క లైన్ రాయి:

అక్వైర్::హెచ్‌టీటీపీ::ప్రాక్సీ "హెచ్‌టీటీపీ://192.168.1.10:3142";

ఆఖర్ల సెమీకోలన్ మర్చిపోతే ఆప్ట్ అసలే నడ్వది. ఐపీ మీ సర్వర్‌ది పెట్టుకో, ఆ సర్వర్‌కు రౌటర్ల ఐపీ ఫిక్స్ చెయ్యి. ఒక్కసారి దిగిన డెబ్ మిగతావాటికి లోపలి నెట్‌వర్క్ నుంచే వస్తది. బయటి లైన్ మీద 400 ఎంబీ ఒక్కసారే, ఒక నిమిషం పని.

రెండు చిక్కులున్నయి. ఒకటి, హెచ్‌టీటీపీఎస్ మిర్రర్ ఎంచుకుంటే క్యాష్ కాదు. సాఫ్ట్‌వేర్ సోర్సెస్‌ల మామూలు హెచ్‌టీటీపీ మిర్రరే ఉంచు. భయం లేదు, ప్యాకేజీ అసలుదా నకిలీదా అన్నది జీపీజీ సంతకంతోటి తేలుతది, హెచ్‌టీటీపీఎస్ తోటి కాదు. రెండోది, ఆ సర్వర్ బందైతే మిగతా 29ల ఆప్ట్ కూడా బందే. ప్రాక్సీ లైన్ తీసేసి, నెట్‌వర్క్‌ల ఆ సర్వర్‌కు ఆప్ట్-ప్రాక్సీ అని పేరు పెట్టి, ఆటో-ఆప్ట్-ప్రాక్సీ అనే ప్యాకేజీ ఎక్కిస్తే సర్వర్ ఉన్నప్పుడు దాని నుంచి, లేనప్పుడు నేరుగ తెచ్చుకుంటది.

#7 ల్యాబ్‌తాళం

ఓరుగల్లు అన్నా, మాదిరికి మూడు సిస్టముల్లో పెట్టి చూశాను, ఆప్ట్ వేగం బాగుంది. కానీ ఒక ఎడిటర్ కంపెనీ డెబ్ ఎక్కించాక అది తన రిపాజిటరీ కూడా కలిపింది. ఇప్పుడు ఆప్ట్ అప్‌డేట్ అంటే దాని దగ్గర 403, కనెక్ట్ డినైడ్ అంటోంది.

#8 ఓరుగల్లు_షెల్

అది హెచ్‌టీటీపీఎస్ రిపాజిటరీ తమ్మీ. హెచ్‌టీటీపీఎస్‌కు వేరే ప్రాక్సీ రాయకుంటే ఆప్ట్ హెచ్‌టీటీపీ ప్రాక్సీనే వాడ్తది. క్యాచర్ ఏమో హెచ్‌టీటీపీఎస్ టనెల్‌ను మామూలుగ ఒప్పుకోదు. అదే ఫైల్ల ఇంకో లైన్ పెట్టు:

అక్వైర్::హెచ్‌టీటీపీఎస్::ప్రాక్సీ "డైరెక్ట్";

డైరెక్ట్ అన్ని పెద్దక్షరాలల్ల రాయాలె. ఆ ఒక్క రిపాజిటరీ నేరుగ పోతది.

#9 పొట్లం

దీన్నుంచి ఇంకొకటి గమనించండి. బయటి డెబ్ మీద డబుల్ క్లిక్ చేయడమంటే ఒక ప్రోగ్రామ్ ఎక్కించడమే కాదు, చాలాసార్లు ఒక రిపాజిటరీని శాశ్వతంగా నమ్మడం కూడా. క్రోమ్, వీఎస్ కోడ్ రెండూ అలాగే చేస్తాయి. అది మంచికే, అప్‌డేట్లు వస్తాయి. కానీ డెబ్‌లోని స్క్రిప్టులు రూట్‌గా (పూర్తి అడ్మిన్ హక్కుతో) నడుస్తాయి. పాస్‌వర్డ్ కొట్టిన క్షణంలో ఆ కంపెనీకి సిస్టమ్ మొత్తం అప్పగించినట్టే. /ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్.డి లోపల ఏమేం ఉన్నాయో నెలకోసారి చూడండి.

డౌన్‌లోడ్ చేసిన డెబ్‌ను "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ./ఫైల్.డెబ్" అని ఎక్కించండి. ముందున్న చుక్క, స్లాష్ లేకపోతే ఆప్ట్ అది రిపాజిటరీలో ప్యాకేజీ పేరనుకుని దొరకలేదంటుంది. డీపీకేజీ -ఐ తో ఎక్కిస్తే డిపెండెన్సీలు తేదు, సగంలో ఆగుతుంది. అప్పుడు ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్ కొట్టాలి. చివర్లో "_ఆప్ట్ యూజర్ ఫైలును చదవలేకపోయాడు, అన్‌శాండ్‌బాక్స్‌డ్" అని ఎన్ అక్షరంతో ఒక వరుస వస్తే కంగారు పడకండి. అది గమనికే, ఎర్రర్ కాదు. ఫైలును /టీఎంపీలో పెట్టి ఎక్కిస్తే ఆ గమనికా రాదు.

#10 అమలాపురం_ఆర్చ్

ఇంత తలనొప్పి ఎందుకండీ, ఆర్చ్ పెట్టేయండి. ఏయూఆర్‌లో దొరకనిది లేదు. గింప్ 3 కూడా నేరుగా రిపాజిటరీలోనే ఉంది.

#11 పొట్లం

మీ సొంత ల్యాప్‌టాప్‌కు సై. ల్యాబుకు వద్దండీ. ఆర్చ్‌లో పాక్షిక అప్‌గ్రేడ్ చెల్లదు. పాక్‌మన్ -ఎస్‌వై తో ఒక్క ప్యాకేజీ తెస్తే దాని లైబ్రరీ కొత్తది, మిగతావి పాతవి. అందుకే ఎప్పుడూ -ఎస్‌వైయూ తో మొత్తం కదలాలి. పరీక్షల వారంలో 30 సిస్టములు మొత్తంగా కదలడం ఎవరికి కావాలి? ఇక ఏయూఆర్ అంటే ఎవరైనా పెట్టగల పీకేజీబిల్డ్ స్క్రిప్టులు. 2025 జులైలో ఫైర్‌ఫాక్స్ ప్యాచ్, లిబ్రెవుల్ఫ్ ఫిక్స్ లాంటి పేర్లతో పెట్టిన ప్యాకేజీల్లో రిమోట్ యాక్సెస్ ట్రోజన్ దొరికి తీసేశారు. స్క్రిప్టు చదివి ఎక్కించేవాడికి ఏయూఆర్ గొప్ప వసతి. చదవనివాడికి పనికిరాదు.

#12 అమలాపురం_ఆర్చ్

ఒప్పుకుంటానండీ. అయితే స్నాప్ మాటేమిటి? మింట్ బదులు ఉబుంటు పెడితే అన్నీ ఒకే స్టోర్‌లో వస్తాయి కదా.

#13 చిటికె

స్నాప్‌ను అందరూ తిడతారు గానీ రెండు విషయాల్లో అది ముందుంది. ఛానెళ్లు: ఏ వర్షన్ వరుసను పట్టుకోవాలో మనమే ఎంచుకోవచ్చు. స్నాప్ రివర్ట్: అప్‌డేట్ చెడితే వెంటనే పాతదానికి వెనక్కి రావచ్చు. ఆప్ట్‌లో ఇంత తేలికగా కుదరదు.

ల్యాబులో ఇబ్బంది పెట్టేది వేరే. మామూలుగా రోజుకు నాలుగుసార్లు తనంతట తాను రిఫ్రెష్ చూసుకుంటుంది. స్నాప్ ఆప్ట్ క్యాష్ గుండా రాదు కాబట్టి 30 సిస్టములూ విడివిడిగా బయటి లైన్ మీద పడతాయి. రిఫ్రెష్.టైమర్ తో వేళ మార్చొచ్చు, స్నాప్ రిఫ్రెష్ --హోల్డ్ తో ఆపనూ వచ్చు. ఇంకొకటి, పెన్‌డ్రైవ్. కట్టడిలో ఉన్న స్నాప్‌కు /మీడియా కనబడదు. "స్నాప్ కనెక్ట్ వీఎల్‌సీ:రిమూవబుల్-మీడియా" లాంటిది ఒక్కో ప్రోగ్రామ్‌కూ విడిగా ఇవ్వాలి. పిల్లలు "ఫైల్ లేదు సార్" అంటారు, ఫైల్ అక్కడే ఉంటుంది. మింట్ 20 నుంచి /ఈటీసీ/ఆప్ట్/ప్రిఫరెన్సెస్.డి/నోస్నాప్.ప్రెఫ్ అనే ఫైలుతో స్నాప్‌డీని ఆపేసింది. ఆ ఫైలు తీసేస్తే ఎక్కుతుంది, కానీ ఈ ల్యాబుకు అవసరం కనబడదు.

#14 నల్లతెర

ఫ్లాట్‌ప్యాక్ మాత్రం తక్కువ తిన్నదా? సుడో (అడ్మిన్ హక్కు) లేని విద్యార్థి కూడా ఫ్లాట్‌ప్యాక్ --యూజర్ తో తన హోమ్‌లో ఏదైనా ఎక్కించుకోవచ్చు. యాప్‌ఇమేజ్ (ఒకే ఫైలుగా వచ్చే ప్రోగ్రామ్) అయితే సీహెచ్‌మాడ్ +ఎక్స్ చాలు. కంట్రోల్ కావాలంటే /హోమ్‌ను వేరే పార్టిషన్ చేసి ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో నోఎక్సెక్ పెట్టండి. అక్కడి నుంచి ఏదీ నడవదు. ఆట ముగిసింది.

#15 మూలకోడు

ఆట కాదండీ, సీ ల్యాబే ముగుస్తుంది. జీసీసీ తో ఏ.అవుట్ తయారవుతుంది, ./ఏ.అవుట్ అంటే పర్మిషన్ డినైడ్. 30 మంది ఒకేసారి చేయెత్తుతారు.

పైథాన్‌లో ఇంకా వింత. వెన్వ్‌లోని (ఒక్కో పనికి విడిగా చేసుకునే పైథాన్ ఫోల్డర్) పైథాన్ /యూఎస్ఆర్/బిన్ కు లింకు మాత్రమే కాబట్టి మామూలుగా నడుస్తుంది. కానీ అందులో పిప్‌తో నంపై ఎక్కిస్తే దాని .ఎస్‌ఓ ఫైళ్లు హోమ్‌లో ఉంటాయి. వాటిని మెమరీలోకి ఎక్కించబోతే "ఫెయిల్డ్ టు మ్యాప్ సెగ్మెంట్" అంటుంది. ఎర్రర్ చూసి ఎవరికీ నోఎక్సెక్ గుర్తుకు రాదు. ప్రోగ్రామింగ్ నేర్పే ల్యాబులో నోఎక్సెక్ పనికిరాదు. డిస్క్ కోటా పెట్టండి. ఒక్కో విద్యార్థికి 3 జీబీ ఇస్తే ఫ్లాట్‌ప్యాక్ రన్‌టైమ్‌లు రెండు మూడు దించేసరికి తనకే చోటు చాలదు. యాప్‌ఇమేజ్ ఒకటి నడిపినా అది ఆ విద్యార్థి ఖాతాలోనే ఉంటుంది, సిస్టమ్‌ను తాకదు.

పిప్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మింట్ 22లో పిప్ ఇన్‌స్టాల్ అంటే ఎక్స్‌టర్నల్లీ-మేనేజ్‌డ్-ఎన్విరాన్‌మెంట్ అని ఆపుతుంది. అది లోపం కాదు, పెప్ 668 ప్రకారం పెట్టిన గడియ. ఎర్రర్ కిందే --బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ అనే తాళంచెవి కూడా రాసి ఉంటుంది, అదే తిప్పుతారు. సుడోతో తిప్పితే కొత్త మాడ్యూళ్లు /యూఎస్ఆర్/లోకల్ కింద చేరతాయి. పైథాన్ ఆ చోటును /యూఎస్ఆర్/లిబ్ కంటే ముందు వెతుకుతుంది. మింట్ అప్‌డేట్ మేనేజర్, సాఫ్ట్‌వేర్ మేనేజర్ రెండూ పైథాన్‌లో రాసినవే. అవి తమకు సరిపడని వర్షన్ పట్టుకుని తెరుచుకోవడం మానేస్తాయి. పాపం మింట్‌ను తిడతారు.

ల్యాబుకు తగిన పద్ధతి: పైథాన్3-నంపై, పైథాన్3-పాండాస్, పైథాన్3-మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఆప్ట్‌తో ఎక్కించండి. అందులో లేనిదేదైనా కావాలంటే "పైథాన్3 -ఎం వెన్వ్ --సిస్టమ్-సైట్-ప్యాకేజెస్ పని". ఆ ఆప్షన్ వల్ల పెద్ద లైబ్రరీలు సిస్టమ్‌వే వాడుకుంటుంది. లేకపోతే ఒక్కో విద్యార్థి హోమ్‌లో నంపై, పాండాస్ మళ్లీ కొన్ని వందల ఎంబీ తింటాయి.

#16 నల్లతెర

ఏ.అవుట్ సంగతి తట్టలేదు. నోఎక్సెక్ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

సోర్స్ నుంచి కంపైల్ చేసేవాటి గురించి కూడా చెప్పండి మూలకోడు గారూ. ఎంఎస్సీ వాళ్లు అడుగుతారు.

#17 మూలకోడు

కాన్ఫిగర్ చేసేటప్పుడు --ప్రిఫిక్స్=$హోమ్/.లోకల్ పెట్టించండి. సుడో అవసరమే రాదు. సుడో మేక్ ఇన్‌స్టాల్ అంటే ఫైళ్లు /యూఎస్ఆర్/లోకల్‌లో చల్లినట్టవుతుంది, ఏ ప్యాకేజీ డేటాబేస్‌లోనూ ఉండవు. మేక్ అన్‌ఇన్‌స్టాల్ చాలా ప్రాజెక్టుల్లో ఉండదు, ఉన్నా బిల్డ్ ఫోల్డర్ చెరిపేశాక చేయలేం. డిపెండెన్సీలు ఒక్కొక్కటీ వెతుక్కునే బదులు "ఆప్ట్ బిల్డ్-డెప్" పక్కన ప్యాకేజీ పేరు ఇస్తే అన్నీ వస్తాయి. దానికి ముందు సాఫ్ట్‌వేర్ సోర్సెస్‌లో సోర్స్ కోడ్ రిపాజిటరీలు ఆన్ చేయాలి.

#18 పొట్లం

ఇప్పుడు అసలు సాధనం. క్లిక్ కావాలన్నవాళ్లకూ కంట్రోల్ కావాలన్నవాళ్లకూ సరిపోయేది: మీ ల్యాబుకే ఒక మెటా ప్యాకేజీ. అందులో ప్రోగ్రామ్ ఏదీ ఉండదు, డిపెండెన్సీల జాబితా మాత్రమే.

ఒక సిస్టమ్ మీద ఈక్వివ్స్ (అలాంటి ప్యాకేజీ తయారుచేసే సాధనం) ఎక్కించండి. "ఈక్వివ్స్-కంట్రోల్ ల్యాబ్" అంటే ఒక ఖాళీ నమూనా ఫైలు వస్తుంది. అందులో ప్యాకేజ్: కాలేజీ-ల్యాబ్, వర్షన్: 1.0, డిపెండ్స్: అని పెట్టి పేర్లు కామాలతో రాయండి. "ఈక్వివ్స్-బిల్డ్ ల్యాబ్" అంటే చిన్న డెబ్ తయారవుతుంది. దాన్ని ఎక్కిస్తే మిగతావన్నీ దాని వెంట వస్తాయి. కొత్త సిస్టమ్ వస్తే లెక్చరర్ కూడా డబుల్ క్లిక్‌తో ల్యాబ్ మొత్తం సిద్ధం చేయొచ్చు. ఏమేం ఎక్కాలన్న నిర్ణయం మాత్రం ఆ ఒక్క ఫైలు రాసేవాళ్ల చేతిలో ఉంటుంది.

తప్పులు జరిగేది ఇక్కడ. డిపెండ్స్‌లో ఒక్క పేరు తప్పు రాసినా మొత్తం ఎక్కదు. తప్పనిసరివి డిపెండ్స్‌లో, ఉంటే బాగుండేవి రికమెండ్స్‌లో పెట్టండి. జాబితా మార్చిన ప్రతిసారీ వర్షన్ పెంచాలి, లేకపోతే ఆప్ట్ దాన్ని అప్‌గ్రేడ్‌గా లెక్కించదు. ఇక ఆ మెటా ప్యాకేజీని ఎవరైనా తీసేసి ఆప్ట్ ఆటోరిమూవ్ కొడితే దాని వెంట వచ్చినవన్నీ పోతాయి. చేత్తో ఎక్కించినవి కావు కాబట్టి ఆప్ట్ వాటిని అనాథలనుకుంటుంది.

30 సిస్టములకు పంపడానికి ఎస్‌ఎస్‌హెచ్‌తో ఒక ఫర్ లూప్ చాలు. ఆన్సిబుల్ వస్తే మంచిదే, రాకపోతే దీనికోసం నేర్చుకోనక్కరలేదు. స్క్రిప్టులో ఆప్ట్ బదులు ఆప్ట్-గెట్ -వై రాయండి. ఆప్ట్ తన అవుట్‌పుట్ మారవచ్చని ముందే హెచ్చరిస్తుంది. డెబియన్_ఫ్రంటెండ్=నాన్‌ఇంటరాక్టివ్ పెట్టినా కాన్ఫిగ్ ఫైలు మార్చాలా వద్దా అని డీపీకేజీ అడిగే ప్రశ్న ఆగదు, లూప్ అక్కడే నిలిచిపోతుంది. -ఓ డీపీకేజీ::ఆప్షన్స్::=--ఫోర్స్-కాన్ఫోల్డ్ కూడా జోడించండి, పాత కాన్ఫిగ్ ఉంచేస్తుంది.

#19 ఓరుగల్లు_షెల్

గింప్ ఫ్లాట్‌ప్యాక్ 30కి ఎట్ల పంపాల్నో నేను చెప్త. క్యాచర్ ఫ్లాట్‌ప్యాక్‌ను పట్టించుకోదు. మొదటి ఫ్లాట్‌ప్యాక్ అంటే రన్‌టైమ్ తోటి కలిపి వందల ఎంబీ. పెన్‌డ్రైవ్ తోటి పని చెయ్యి.

ముందు అన్ని సిస్టములల్ల: ఫ్లాట్‌ప్యాక్ రిమోట్-మాడిఫై --కలెక్షన్-ఐడీ=ఆర్గ్.ఫ్లాట్‌హబ్.స్టేబుల్ ఫ్లాట్‌హబ్. ఇది చెయ్యకుంటే తర్వాతి మెట్టు ఎర్రర్ ఇస్తది. గింప్ ఉన్న సిస్టమ్‌ల "ఫ్లాట్‌ప్యాక్ క్రియేట్-యూఎస్‌బీ" పక్కన పెన్‌డ్రైవ్ పాత్, ఆర్గ్.గింప్.గింప్ రాయి. మిగతావాటిల్ల ఫ్లాట్‌ప్యాక్ ఇన్‌స్టాల్ --సైడ్‌లోడ్-రెపో= అని పెన్‌డ్రైవ్ పాత్ చివర /.ఆస్ట్రీ/రెపో కలిపి రాయాలె. ఆ ఫోల్డర్ చుక్క తోటి మొదలైతది, ఫైల్ మేనేజర్ల కంట్రోల్ హెచ్ కొడితేనే కనబడ్తది. పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 కాకుండ ఎక్స్‌టీ4 ఉంటే లొల్లి తక్కువ.

#20 చిటికె

విద్యార్థులు సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరిచి చూస్తే చూడనివ్వండి. ఎక్కించాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. మింట్ 22 నుంచి ధ్రువీకరణ లేని ఫ్లాట్‌ప్యాక్‌లు మామూలుగా జాబితాలో కనిపించవు, ప్రిఫరెన్సెస్‌లో ఆన్ చేస్తేనే వస్తాయి. ఆ స్విచ్ ముట్టుకోకండి.

అప్‌డేట్లకు ఒక సిస్టమ్‌ను మాదిరిగా పెట్టుకోండి. దాంట్లో ముందు ఎక్కించి రెండు మూడు రోజులు చూసి మిగతావాటికి ఇవ్వండి. టైమ్‌షిఫ్ట్ (సిస్టమ్ స్నాప్‌షాట్లు తీసే సాధనం) ఆ ఒక్కదాంట్లో ఉంటే చాలు. 30లో పెడితే స్నాప్‌షాట్లు ఎస్ఎస్‌డీ తింటాయి, ఒకటి చెడితే ఇమేజ్ మళ్లీ ఎక్కించడమే త్వరగా అవుతుంది. టైమ్‌షిఫ్ట్ మామూలుగా హోమ్‌ను తీసుకోదని గుర్తుంచుకోండి. పిల్లల ఫైళ్లకు అది బ్యాకప్ కాదు.

#21 నల్లతెర

కరెంటు సంగతి ఎవరూ అనలేదు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే డీపీకేజీ సగంలో ఉంటుంది. తర్వాత ఏది ఎక్కించబోయినా "డీపీకేజీ వాజ్ ఇంటరప్టెడ్" అంటుంది. సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ, ఆ తర్వాత సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్, ఇదే వరుసలో. యూపీఎస్ లేని సిస్టముల్లో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆన్ చేయకండి. మింట్‌లో అవి మొదట్లో ఆఫ్‌లోనే ఉంటాయి.

ఇంకొకటి, లాక్ ఎర్రర్. లాక్-ఫ్రంటెండ్ ఫలానా ప్రాసెస్ చేతిలో ఉందని నంబరుతో చెబుతుంది. నెట్‌లో చూసి ఆ ఫైలును ఆర్ఎం చేసేవాళ్లు కోకొల్లలు. వద్దు. ఆ నంబరుతో పీఎస్ కొట్టి చూడండి. అప్‌డేట్ మేనేజరో ఇంకొకటో నడుస్తుంటుంది, అయ్యేదాకా ఆగండి. లాక్ ఫైలు తీసేస్తే ఇద్దరు ఒకే చిట్టాలో ఒకేసారి రాసినట్టు డేటాబేస్ చెడుతుంది.

ఆప్ట్-మార్క్ హోల్డ్ పెట్టినవి మర్చిపోకండి. ఆప్ట్-మార్క్ షోహోల్డ్ తో చూసుకోవాలి. హోల్డ్‌లో ఉన్న బ్రౌజర్‌కు సెక్యూరిటీ అప్‌డేట్ రాదు.

#22 ల్యాబ్‌తాళం

అందరికీ ధన్యవాదాలు. తెలుగు టైపింగ్ మిగిలింది. ఫాంట్ మీద డబుల్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ చేస్తే ఒక విద్యార్థికే కనిపిస్తోంది, వేరే లాగిన్‌లో లేదు.

#23 మూలకోడు

డబుల్ క్లిక్ చేస్తే అది ఆ యూజర్ హోమ్‌లో .లోకల్/షేర్/ఫాంట్స్ కు పోతుంది. అందరికీ కావాలంటే /యూఎస్ఆర్/లోకల్/షేర్/ఫాంట్స్ లో పెట్టి సుడో ఎఫ్‌సీ-క్యాష్ -ఎఫ్ కొట్టండి. అసలు ఫాంట్స్-తెలు, ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా ప్యాకేజీలు మెటాలో పెట్టేస్తే ఆ పనే లేదు, రెండోదాంట్లో పోతన, వేమన ఫాంట్లు ఉన్నాయి. గింప్ ఫ్లాట్‌ప్యాక్ సిస్టమ్ ఫాంట్లను చూడగలదు, తెరిచి ఉంటే మూసి మళ్లీ తెరవాలి. టైపింగ్‌కు ఐబస్-ఎం17ఎన్. అందులో తెలుగు ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్, ఆర్‌టీఎస్ వరుసలు ఉన్నాయి. ఎక్కించాక లాగౌట్ అయి రావాలి, లేదంటే జాబితాలో కనబడదు.

#24 ల్యాబ్‌తాళం

కంట్రోల్ ఫైలులో డిపెండ్స్ వరుస ఇలా రాశాను:

బిల్డ్-ఎసెన్షియల్, జీడీబీ, డిఫాల్ట్-జేడీకే, జీనీ, థానీ, పైథాన్3-వెన్వ్, పైథాన్3-నంపై, పైథాన్3-పాండాస్, పైథాన్3-మ్యాట్‌ప్లాట్‌లిబ్, ఐబస్-ఎం17ఎన్, ఫాంట్స్-తెలు, ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా, గింప్

వర్షన్ 1.0. రికమెండ్స్‌లో కోడ్‌బ్లాక్స్. ఇక బిల్డ్ చేయనా?

#25 పొట్లం

చివరి గింప్ తీసేయండి. దాన్ని ఫ్లాట్‌ప్యాక్‌గా పంపుతున్నారుగా, ఇలా ఉంటే రెండూ ఎక్కుతాయి. దాని బదులు ఆటో-ఆప్ట్-ప్రాక్సీ పెట్టండి, అప్పుడు 01ప్రాక్సీ ఫైలులోని హెచ్‌టీటీపీ వరుస కొట్టేయొచ్చు. డైరెక్ట్ అన్న హెచ్‌టీటీపీఎస్ వరుస మాత్రం ఉంచండి. బిల్డ్ చేశాక మాదిరి సిస్టమ్‌లో ముందు ఆప్ట్ -ఎస్ ఇన్‌స్టాల్ తో ఆ డెబ్ పాత్ ఇచ్చి చూడండి. "రిమూవ్" అనే మాట కింద ఒక్క పేరు కనిపించినా ఆ జాబితా ఇక్కడ పెట్టండి, 30కీ పంపకండి.